ముప్పై ఒకటో పేజీ తర్వాత

మా ఎదురింటి లెక్చరరమ్మ గారు పోయారు. పాలకి వెళ్ళిన మా ఇంటిది ఖాళీ గిన్నెతో తిరిగొచ్చి గుమ్మంలో నిలబడిపోయింది.

"ఏటే, పాలబండి రానేదా?" అన్నాను.

"బండొచ్చింది. నీ లెక్చరరమ్మ పోయారంట."

"ఎప్పుడు?"

"తెల్లారగట్లంట. మూడు దినాలనించి ఆసుపత్రిలోనే ఉన్నారంట. ఎదురింట్లో మనిషి మూడు దినాలు అగుపించకపోతే నువ్వు సూడనేదా?"

చూశాను. కిటికీ మూసి ఉండటం చూశాను. గాజువాకలో మేనల్లుడింటికి వెళ్ళి ఉంటారని అనుకున్నాను. అలా అనుకోవడం నాకు సుఖంగా ఉంది. అప్పటికి ఏడు నెలలుగా నేను ఆ గుమ్మం తొక్కలేదు. ఎందుకు తొక్కలేదో చెప్పకుండా ఆవిడ గురించి మంచిమాటలు రాస్తే అది అబద్ధం అవుతుంది.

మా పేట గ్రంథాలయం వాళ్ళు ఆవిడ జ్ఞాపకంగా చిన్న సంచిక వేస్తున్నారు, నన్ను కూడా రెండు ముక్కలు రాయమన్నారు. నాకు మాట్లాడ్డమే తక్కువ. పద్మనాభం ఊరి అవతల పల్లెలో మూడో తరగతి దాకా చదివాను. తర్వాత కామందు ఇంట్లో కంబారిగా ఉన్నాను. కంబారి అంటే ఏడాది పొడుగునా ఒకే ఇంటికి కట్టుబడి, పొలం పనీ పశువుల పనీ చేసే మనిషి. పదమూడో ఏటో పద్నాలుగో ఏటో అక్కణ్ణించి పారిపోయి విశాఖపట్నం వచ్చాను. పోర్టులో బస్తాలు మోసి, కళాసీనై, చివరికి గ్యాంగు మేస్త్రిగా దిగాను. అందుకే ఆవిడ నన్ను మేస్త్రి గారూ అని పిలిచేవారు. మా వీధిలో నన్ను గారూ అన్న మనిషి ఆవిడొక్కరే.

ఆవిడ కాలేజీలో ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యారు. పెళ్ళి చేసుకోలేదు. పన్నెండేళ్ళు ఎదురెదురు ఇళ్ళలో ఉన్నా మేం మాట్లాడుకున్నది లేదు. ఆరేళ్ళ క్రితం ఆవిడ జారిపడి తుంటి విరిగినప్పుడు మేనల్లుడు మా ఇంటికొచ్చాడు. స్టీలుప్లాంటులో పనిచేస్తాడు, మంచి కుర్రాడు.

"మేస్త్రి గారూ, అటకమీద పెట్టెలు దించాలండి. కూలోళ్ళని పిలిస్తే పుస్తకాలు పాడుసేస్తారని అత్త గొడవ. మీరైతే బరువుల సంగతి తెలిసినోరు."

పదకొండు పెట్టెలు దించాను. బీరువాలో సర్దమంటే నాకు తెలిసిన పద్ధతిలో సర్దాను. అడుగున బరువు, పైన తేలిక, మధ్యలో గాలి ఆడే సందు. ఓడ అడుగున బస్తాలు పేర్చే తీరు అదే. ఆవిడ కుర్చీలోంచి చూస్తూ కూచున్నారు.

"నా పుస్తకాలకి మొట్టమొదటిసారి ఓడ ప్రయాణానికి తగ్గ మర్యాద జరిగింది" అన్నారు.

ఒక పుస్తకం అట్టమీద కోటు తొడుక్కున్న నల్లటాయన బొమ్మ ఉంది. చూపు సూటిగా ఉంది. నోరు బిగించి ఉంది.

"ఈ బాబెవురమ్మా? వకీలా?"

"బానిస."

"కోటేసుకునా?"

"పారిపోయి వచ్చాక వేసుకున్నాడు. ఈ పుస్తకం రాసింది ఆయనే."

"బానిస రాసేడా?"

"చాలామంది రాశారు మేస్త్రి గారూ. అమెరికాలో పత్తి పొలాల్లోంచీ చెరుకు తోటల్లోంచీ పారిపోయినవాళ్ళు, మగవాళ్ళూ ఆడవాళ్ళూ. రాయడం రానివాళ్ళు చెప్పి రాయించారు. వాళ్ళు పారిపోయింది కాళ్ళతోనే అనుకుంటారు అందరూ. చేత్తో కూడా పారిపోయారు."

పారిపోయి అన్న మాట దగ్గర నా చెయ్యి ఆగింది. ఆవిడ చూశారో లేదో నాకు తెలీదు. పోర్టులో చేరినప్పుడు గుర్తింపు కార్డు ఫోటో కోసం నేను కూడా ఎవరిదో ఇస్త్రీ చొక్కా తొడుక్కుని కూచున్నాను. ఆ సంగతి గుర్తొచ్చింది. ఇంటికొచ్చేశాను.

మర్నాడు నాలుగింటికి మళ్ళీ వెళ్ళాను. ఎందుకొచ్చారని ఆవిడ అడగలేదు. టీ రెండు గ్లాసుల్లో పోయించారు. ఆవిడ గ్లాసు ఎప్పుడూ చల్లారిపోయి మీగడ కట్టేది. అప్పుడు తాగేవారు.

అలా అయిదేళ్ళ పైన. ఆవిడ ఆ పుస్తకాల్లోంచి కొన్ని భాగాలు తెలుగులోకి తెస్తున్నారు. ఇంగ్లీషు కళ్ళతో చదువుకుని, తెలుగు నోటితో చెప్పేవారు. నాకు అర్థమైతే కాగితం మీద పెట్టేవారు. అర్థం కాకపోతే కొట్టేసేవారు. ఒకసారి పొలంలో బానిసలమీద కర్ర పట్టుకుని తిరిగేవాడి గురించి చదువుతూ "పర్యవేక్షకుడు" అన్నారు. నాకు నవ్వొచ్చింది.

"ఎందుకు నవ్వారు?"

"ఏటీ నేదమ్మా."

"చెప్పండి. నవ్వి దాచుకోకూడదు."

"పర్యవేక్షకుడంటే ఆఫీసులో ఫ్యాను కింద కూకున్నోడు గుర్తొచ్చేడమ్మా. ఈడు ఎండలో నిలబడి కొడతన్నాడు కదా. ఆడికీ సెమట పడతాది. మా ఊర్ల పెద్ద కంబారి అలాటోడే. ఆడూ మాలాటి కంబారే. కొట్టే పని ఒప్పుకున్నాడు కాబట్టి గంజిలో ఒక ముద్ద ఎక్కువ."

 ఆవిడ ఆ పేజీ మొత్తం కొట్టేసి మళ్ళీ రాశారు. ఆ రోజు టీ తాగనే లేదు.

అయితే ఒక సంగతి చెప్పాలి. నేను కంబారినని తెలిశాక కూడా "మీరూ వాళ్ళూ ఒకటే" అని ఆవిడ ఎప్పుడూ అనలేదు. నేనే ఒకరోజు అన్నాను, మనదీ అదేనమ్మా అని. ఆవిడ ఒప్పుకోలేదు.

"కాదు మేస్త్రి గారూ. మిమ్మల్ని సంతలో నిలబెట్టి పళ్ళు చూసి అమ్మలేదు. మీ అమ్మ నుంచి విడదీసి మిమ్మల్ని వేరే దేశానికి తోలలేదు. వాళ్ళ కష్టాన్ని మన గిన్నెతో కొలవకూడదు. మీ కష్టాన్ని వాళ్ళ గిన్నెతోనూ కొలవకూడదు. ఎవరిది వాళ్ళు చెప్పుకోవాలి."

కొన్నిచోట్ల మాత్రం ఆవిడే ఆగేవారు. ఆ పుస్తకాలు చాలావరకు "నేను పుట్టాను" అనే మొదలవుతాయట. ఎక్కడ పుట్టారో ఉంటుంది, ఎప్పుడు పుట్టారో ఉండదు. గుర్రప్పిల్లకి పుట్టిన రోజు రాసిపెట్టుకున్న దొర, మనిషికి రాయలేదు. అది చదివి మీ పుట్టినరోజెప్పుడు అని అడిగారు.

"జూలై ఒకటమ్మా."

"ఎలా తెలుసు?"

"పోర్టు గుమాస్తా రాసేడు. మా గ్యాంగులో పద్దెనిమిది మందివీ జూలై ఒకటే."

ఆవిడ నవ్వలేదు. కిటికీ గట్టుమీద పోర్టునించి వచ్చి పడిన బొగ్గుపొడిలో వేలితో ఒకటి అని గీసి, అరచేత్తో తుడిచేశారు.

ఆవిడ పనిచేసే రోజుల్లో ఈ పుస్తకాలమీద పరిశోధన చేస్తానంటే పెద్దవాళ్ళు ఒప్పుకోలేదట. ఇవి సాక్ష్యాలమ్మా, సాహిత్యం కాదు, చరిత్ర వాళ్ళకి వదిలెయ్యి అన్నారట. ఆ మాట చెప్పేటప్పుడు ముప్పై ఏళ్ళ తర్వాత కూడా ఆవిడ ముక్కు ఎర్రబడేది.

"వాళ్ళని బోనులో నిలబెట్టారు మేస్త్రి గారూ. ఎన్ని దెబ్బలు తిన్నావు, ఎవరు కొట్టారు, నిజమేనా, ప్రమాణం చెయ్యి. ఇంతే అడిగారు. వాళ్ళు బోనులో నిలబడి ఏం చేశారో ఎవరూ చూడలేదు. ఎక్కడ మొదలుపెట్టాలో ఎంచుకున్నారు. ఎక్కడ ఆగాలో ఎంచుకున్నారు. మొదటి అక్షరం నేర్చుకున్న రోజుని పెళ్ళి కంటే పెద్దగా చెప్పుకున్నారు. అది రచయిత చేసే పని కాదా?"

నాకేం తెలుసు. తల ఊపాను.

ఇంకో సంగతి చూపించారు. ఆ పుస్తకాల్లో చాలావాటికి ముందు తెల్లవాళ్ళ ఉత్తరాలుంటాయి. ఇతను నాకు తెలుసు, అబద్ధమాడే మనిషి కాడు, ఇది నిజంగా ఇతనే రాశాడు అని ఎవరో పెద్దమనిషి పూచీ పడతాడు. ఆ ఉత్తరం ఉంటే గాని నల్లవాడి మాట అచ్చయ్యేది కాదు. అచ్చయినా నమ్మేవాళ్ళు కాదు.

అప్పుడు నేను ఆ మాట సరిగా వినలేదు. విని ఉంటే తర్వాత అంత తప్పు చేసేవాణ్ణి కాదు.

ఆవిడకి చినిగిన పుస్తకాలు తనే కుట్టుకునే అలవాటు. సన్న సూదితో అట్ట గుచ్చలేక అవస్థ పడుతుంటే నా దబ్బనం ఇచ్చాను. పోర్టులో పిగిలిన గోనెసంచులు కుట్టే పెద్ద సూది అది. ముప్పై ఏళ్ళు నా నడుముకి ఉంది. గోనె దారం ఉండ కూడా ఇచ్చాను. ఆవిడ దాన్ని కళ్ళజోడు పెట్టెలో దాచుకున్నారు.

"మీ ఆస్తి రాసిచ్చేస్తున్నారు నాకు" అన్నారు.

రోజూ నాలుగు కాగానే మా ఇంటిది ఎగతాళి చేసేది. "ఎల్లు, బడిగంట కొట్టేరు. పలకట్టుకెల్లు." నిజానికి పలక పట్టించింది ఆవిడే. మీరూ రాయండి అన్నారు. ఏటి రాస్తానమ్మా అన్నాను. నేను పుట్టాను అని మొదలుపెట్టండి, మిగతాది అదే వస్తుంది అన్నారు.

వచ్చింది. ఏడాది పట్టింది. పొడుగు నోటుబుక్కులో అరవై రెండు పేజీలు రాశాను. కామందు ఇల్లు, పశువులపాక, చోడి అంబలి, అప్పుకింద నన్ను పెడుతూ నాన్న వేలిముద్ర వేసిన కాగితం, హార్బరు, మొదటి ఓడ. అంతా రాశాక చివరి పేజీలో, ఇందులో రాసినదంతా నా ఎరుకలో నిజం అని రాసి సంతకం చేశాను. దాని కింద 'సాక్షులు' అని రాసి ఒకటి, రెండు అని అంకెలు వేసి, రెండు గీతలు గీశాను.

నవ్వుకోకండి. నేను చూసిన రాత అంతా అలాగే ముగిసింది. నాన్న వేలిముద్ర కాగితం కింద కామందు చుట్టాలిద్దరు సాక్షి సంతకాలు చేశారు. ఇంటి పట్టా కింద సాక్షులున్నారు. పెళ్ళి కాగితం కింద సాక్షులున్నారు. సాక్షి లేని కాగితం చెల్లదని నాకు తెలుసు.

పుస్తకం ఆవిడకిచ్చాను. వారం రోజులు పిలవలేదు. ఎనిమిదో రోజు నాలుగింటికి కబురొచ్చింది. వెళ్ళేసరికి ఆవిడ ఒళ్ళో నా పుస్తకం తెరిచి ఉంది. బాగుందని గాని బాగాలేదని గాని అనలేదు.

"ముప్పై ఒకటో పేజీలో మీరు చెరువు గట్టు పక్కన పశువుల దగ్గరున్నారు. ముప్పై రెండో పేజీలో హార్బరు గేటు దగ్గర మంచినీళ్ళు అడుగుతున్నారు. మధ్యలో ఏమైంది?"

"నడిసొచ్చేనమ్మా."

"సరే. పట్టపగలు పశువుల్ని వదిలేసి కంబారి కుర్రాడు వెళ్ళిపోతుంటే ఎవరూ చూడలేదా? కామందు మేడమీంచి ఆ పొలం కనబడుతుందని మీరే రాశారు."

"సూడనేదు."

"ఎందుకు చూడలేదు?"

నేను గోడగడియారం కేసి చూశాను. 

"ఆ పుస్తకాల్లో కూడా ఈ ఖాళీ ఉంటుంది. ఎలా తప్పించుకున్నారో చాలామంది రాయలేదు. దారి చూపించినవాళ్ళు ఇంకా అక్కడే ఉన్నారు, రాస్తే వాళ్ళ ప్రాణం పోతుంది. అందుకని దాచారు. మీరు దాస్తున్న మనిషికి ఇప్పుడేమైనా ప్రమాదముందా?"

"నేదమ్మా. ఇప్పుడేటీ నేదు."

"మరి ఎవరిని కాపాడుతున్నారు?"

 పుస్తకం ఆవిడ ఒళ్ళోంచి తీసి చివరి పేజీ తిప్పి మళ్ళీ ఒళ్ళో పెట్టాను.

"ఇక్కడ సంతకం ఎట్టండమ్మా. ఒకటో సాక్షి మీరు."

ఆవిడ ఆ గీతలు చూశారు. చూసి కలం పక్కన పెట్టేశారు.

"పెట్టను."

"మీరెడితే నమ్ముతారమ్మా. పెద్ద సదువు సదివినోరు. నా మాట ఎవురు నమ్ముతారు?"

"అదే మేస్త్రి గారూ. ఆ తెల్లవాళ్ళ ఉత్తరాలు ఎంత అవమానమో ఇరవై ఎనిమిదేళ్ళు పిల్లలకి పాఠం చెప్పాను. ఇప్పుడు నేనే మీ ముందు దొరలాగా నిలబడి, ఈయన అబద్ధమాడడు అని రాయనా? మీ మాటకి నా పూచీ ఏమిటి? నేనేం చూశానని సాక్షిని? ఆ పొలంలో ఉన్నది మీరు. ఆ ఖాళీలో ఇంకెవరో ఉన్నారు. వాళ్ళని చూసినవాళ్ళు ఇవాళ భూమ్మీద మీరొక్కరే. ఆ పేజీ రాయండి. సాక్షి అక్కర్లేదు."

తర్వాత గొంతు తగ్గించి ఇంకో మాట అన్నారు. "ఆ బానిసలు వదిలేసిన ఖాళీల్లోంచి వందేళ్ళ తర్వాత వాళ్ళ మనవలూ మనవరాళ్ళూ నవలలు రాశారు. గొప్పవి రాశారు. కానీ ఊహించుకుని రాయాల్సొచ్చింది. చూసినవాడు ఉండగా ఊహ ఎందుకు?"

ఇప్పుడు అన్నీ వరసగా రాయగలుగుతున్నాను. ఆ రోజు నాకు వినబడింది ఒకటే. పెట్టను అన్నారు. నేను లేచాను. నా బతుకులో ఎవరినీ అనని మాట ఆవిణ్ణి అన్నాను.

"కంబారోడి పేరు కింద మీ పేరు ఉండడం మీకు ఇష్టం నేదు. అంతే కదమ్మా."

ఆవిడ కళ్ళజోడు తీశారు. జోడు లేకపోతే ఆవిడ కళ్ళు చాలా చిన్నవి.

"ఆ మాట మీరు నమ్మి అనలేదు" అన్నారు.

నేను అప్పటికి మెట్లు దిగుతున్నాను. పుస్తకం అక్కడే వదిలేశాను.

ఏడు నెలలు. రెండుసార్లు కబురు పెట్టారు. ఒంట్లో బాలేదని చెప్పించాను. నాలుగింటికి ఆవిడ చేతికర్ర పట్టుకుని బాల్కనీలోకి వచ్చి నిలబడేవారు. నేను లోపల తలుపు చాటున కూచునేవాణ్ణి. మా ఇంటిది ఊరుకోలేదు. "ఏటయ్యా, సిన్నపిల్లడివా? ఆయమ్మ నిలబడనేక నిలబడతంది. ఏటన్నారేటి నిన్ను?" ఏమన్నారో ఎలా చెప్పను. ఆవిడ నన్నేమీ అనలేదు. దాచుకున్నచోట వేలు పెట్టారు. నా కోపం సంతకం గురించి కాదు, ఆ వేలి గురించి. అది మెట్లు దిగుతున్నప్పుడే నాకు తెలుసు. తెలిసీ ఏడు నెలలు కూచున్నాను. మనిషి రేపు కూడా బాల్కనీలోకి వస్తుందని ధీమా.

పాడె ఎత్తేటప్పుడు నాలుగో మనిషి తక్కువయ్యాడు. మేనల్లుడు నా వైపు చూశాడు. "పడతారా మేస్త్రి గారూ?" పట్టాను. ఏ బరువైనా భుజం మీదికొస్తే ఎన్ని కిలోలో చెప్పగలను. ఆవిడ బరువు చెప్పడానికి నాకు సిగ్గేసింది. ఎదురింట్లో మనిషి అంత తగ్గిపోతుంటే నేను చూడలేదు.

పదకొండో రోజు తర్వాత మేనల్లుడు బీరువా ఖాళీ చేయించాడు. పుస్తకాలు కాలేజీకి ఇస్తున్నారు. మళ్ళీ నేనే దించి పెట్టెల్లో సర్దాను. ఆ బానిసల పుస్తకాల వరసలో, కోటు తొడుక్కున్నాయన పక్కన నా పొడుగు నోటుబుక్కు ఉంది. మిగతావాటిలాగే దానికీ వెనక చిన్న తెల్లకాగితం అంటించి ఉంది. దానిమీద ఆవిడ రాతలో నా పేరు. అంతే.

"ఇది మీదే అట కదండి" అన్నాడు మేనల్లుడు. "ఆసుపత్రికి ఎల్లేముందు కూడా దీన్నే పట్టుకు కూకుంది అత్త. చెయ్యి వణుకుతంది, నాను కుడతానంటే ఇవ్వలేదు. నీకు రాదురా, ఇది మేస్త్రి సూది అంది."

ఇంటికి తెచ్చి తెరిచాను. ముందు చివరి పేజీ చూశాను. రెండు గీతలూ ఖాళీగానే ఉన్నాయి. మాటంటే మాటే ఆవిడకి. తర్వాత ముప్పై ఒకటో పేజీ తీశాను. దానికీ ముప్పై రెండుకీ మధ్య నాలుగు తెల్లకాగితాలు కొత్తగా ఉన్నాయి. గోనె దారంతో కుట్టినవి. కుట్టు వంకరటింకరగా ఉంది. రెండుచోట్ల సూది తప్పి కాగితం చినిగితే మళ్ళీ గుచ్చి కుట్టారు. కాగితాలమీద ఒక్క అక్షరం లేదు.

ఆ కాగితాల్లో రెండు ఇప్పటికి నిండాయి. అందులో ఉన్నది ఇక్కడ చెబుతాను. ఆవిడ స్మృతికి నా దగ్గర ఇవ్వడానికి ఇంకేమీ లేదు.

ఆ ఖాళీలో ఉన్నది మా అప్ప. నాకంటే మూడేళ్ళు పెద్దది. రోజూ మధ్యాహ్నం నాకు అంబలి పట్టుకుని పొలానికి వచ్చేది. ఆ పొద్దున్న నా కాపలాలో కామందు ఎద్దు రాళ్ళ గోతిలో పడి కాలు విరిగింది. సాయంత్రం పశువుల్ని తోలుకెళ్తే తెలుస్తుంది. అంతకు ముందు ఏడాది దూడ తప్పిపోతేనే పెద్ద కంబారి నన్ను రాటకి కట్టాడు. ఆ మచ్చలు అప్పకి తెలుసు, నూనె రాసింది తనే. అంబలి ముంత కింద పెట్టి ఎద్దుని చూసింది. నన్ను చూసింది.

"తమ్ముడా, సాయంత్రం ఆళ్ళు నిన్ను బతకనివ్వరు. ఎల్లిపో. ఇప్పుడే ఎల్లిపో."

"మేడమీంచి సూత్తారప్పా."

నా నెత్తిమీది ఎర్ర తువ్వాలు లాక్కుని తన తలకి చుట్టుకుంది. చీర పంచెలాగా పైకి కట్టింది. నా కర్ర తీసుకుంది.

"ఆళ్ళకి ఎర్రగుడ్డ అగుపిస్తే సాలు. నువ్వే అనుకుంతారు. పొద్దు గూకేదాకా నాను ఇక్కడ నిలబడతాను. గట్టెనకాల వొంగుని ఎల్లు. బేగెల్లు. ఎనక్కి సూడకు."

"మరి నువ్వో?"

"నాను ఆడదాన్ని. నన్నేటి సేత్తారు?"

మూడేళ్ళ తర్వాత పోర్టు లారీల దగ్గర మా ఊరివాడొకడు కనబడ్డాడు. మనిషికి మనిషి అన్నారట. కాగితం మీద నాన్న వేలిముద్ర ఉంది. అప్పని నా చోట పెట్టారు. రెండు వానాకాలాలు ఆ పశువులపాకలో ఉంది. మూడో వానాకాలం అక్కడే జ్వరంతో పోయింది. ఎన్నాళ్ళ జ్వరమో ఎవరూ చూడలేదు. "నీ తువ్వాలే బావా, ఎండా వానా నేదు, నెత్తిమీంచి తీసీది కాదు" అన్నాడు వాడు.

పోర్టు నుంచి మా ఊరికి ఒక్క రోజు నడక. చేతిలో కూలి ఉంది, కాళ్ళలో బలం ఉంది. మూడేళ్ళలో ఆ ఒక్క రోజు నేను నడవలేదు. పట్టుకుంటారని భయం. కొన్నాళ్ళకి ఆ భయం పోయింది, అలవాటు మిగిలింది. నేను కాపాడుకుంటున్నది దీన్నే. లెక్చరరమ్మ గారు అడిగినదానికి ఇదీ జవాబు. నాలుగు మెట్లు ఎక్కి చెప్పవలసింది ఇప్పుడు కాగితం మీద చెబుతున్నాను.

మొన్న నాలుగింటికి టీ పెట్టమని చెప్పి, మా ఇంటిదానికి ఈ రెండు కాగితాలూ చదివి వినిపించాను. యాభై ఏళ్ళలో మొదటిసారి. గ్లాసులో టీ మీగడ కట్టింది. అప్పుడు అడిగింది.

"మన పెద్దదానికి ఆ పేరు పట్టుబట్టి ఎట్టేవు. మీ అప్ప పేరేనా అది?"

అవునన్నాను. మా ఇంటిది కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని లోపలికెళ్ళిపోయింది.

ఇంకో రెండు కాగితాలు మిగిలాయి. మూడో దానిమీద ఇవాళ ఒక్క సంగతి రాశాను. వెనక్కి చూడకు అంది అప్ప. నేను చూశాను. చెరువు గట్టు చివర, తాటిచెట్ల దగ్గర ఆగి తిరిగాను. ఎండలో మేడ తెల్లగా ఉంది. మేడమీద ఎవరో విసనకర్రతో విసురుకుంటున్నారు. ఇటే చూస్తున్నారు. ఏ అలికిడీ లేదు. పొలంలో పశువుల మధ్య ఎర్ర తువ్వాలు చుట్టుకుని, కర్ర భుజాలమీద అడ్డంగా పెట్టుకుని, కదలకుండా నేను నిలబడి ఉన్నాను.